తిరుత్తణికి మొక్కిన జుట్టు

ఆని నెల (జూన్), మంగళవారం

సరోజక్కకు చెల్లెలు వల్లి చేతులు జోడించి రాసే ఉత్తరం.

అక్కడ ఇంటిల్లిపాదీ ఆరోగ్యంగా ఉన్నారని అనుకుంటున్నాను. నీ మోకాలికి ఆ నూనె మానకుండా రాస్తున్నావా? మన అత్తమ్మ దగ్గు తగ్గిందా? నా గురించి దిగులు పెట్టుకోవద్దు. నేను బాగానే ఉన్నాను. వేళకు తింటున్నాను, వేళకు పడుకుంటున్నాను.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నీకు తోచవచ్చు. పదో తరగతి పరీక్షల తర్వాత నేను ఇన్ని కాగితాలు రాయడం ఇదే మొదలు. బావ మూడుసార్లు ఫోన్ చేసి ఒకే మాట అడిగారు. మూడుసార్లూ "ఆలోచించి చెప్తా బావా" అని పెట్టేశాను. ఆ మాటకు జవాబు చెప్పాలంటే దానికి ముందు ఇంకొకటి చెప్పాలి. అది ఫోన్‌లో నా నోటికి రావడం లేదు. మొన్న నీతో చెప్పాలనే చేశాను. నువ్వు "ఏందిమే, చెప్పు" అన్నావు. నీ వెనక మగ్గం చప్పుడు వినబడింది. నీ కొడుకు సురేషు ఎవరినో దారం కోసం కేకలేస్తున్నాడు. అంత మామూలుగా ఉన్న ఇంట్లోకి ఆ మాటను ఎలా వెయ్యను? "ఏం లేదక్కా, ఊరికే చేసినా" అన్నాను. అందుకే పెన్ను పట్టుకున్నాను.

తెలుగులో రాస్తున్నాను కాబట్టి భయం లేదు. మన ఇంట్లో తెలుగు చదవగలిగేది ఇప్పుడు నువ్వొక్కదానివే కదా. సురేషుకు అరవం తప్ప రాదు. బావ కూడబలుక్కొని చదువుతారు, అదీ అద్దాలు దొరికితే. ఇక్కడ దిగిన చెన్నై అమ్మాయి ఒకతె రేపు తిరిగి పోతోంది. అక్కడికి పోయాక స్టాంపు అంటించి పోస్టులో వేస్తానంది.

ముందు ఇక్కడి సంగతులు రాస్తాను. ఎనిమిది నెలలుగా ఫోన్‌లో "బాగుండా, బాగుండా" అనడమే తప్ప ఏమీ చెప్పింది లేదు.

ఇది శ్రీలంకలో తూర్పు ఒడ్డు. ఊరికి ఒక పక్క సముద్రం పెద్ద పెద్ద అలలుగా లేచి పడుతుంది. ఆ అలల మీద పలకలేసుకొని నిలబడటానికి ఎక్కడెక్కడి దేశాల వాళ్ళో వస్తారు. తెల్లారకముందే పలకను చంకలో ఇరికించుకొని పరుగెత్తుతారు. మగపిల్లలు జుట్టు పెంచి నడినెత్తిన ముడి వేసుకుంటారు. మొదట్లో వాళ్ళను చూస్తే తిరుత్తణి కొండ మెట్ల దగ్గర కూర్చునే పండారం సాధువులు గుర్తొచ్చేవాళ్ళు. ఊరికి ఇంకో పక్క, పడవలో అరగంట పోతే, నీళ్ళలో పగడపు రాళ్ళు అడ్డుగా ఉన్నాయి. అలలు ఆ రాళ్ళకు తగిలి అవతలే విరిగిపోతాయి. ఇవతల నీళ్ళు చెరువులో నీళ్ళలా ఉంటాయి. మొహానికి మాస్కు పెట్టుకొని, నోట్లో గొట్టం పెట్టుకొని, బోర్లా తేలుతూ అడుగున చేపలను చూస్తారు. దాన్ని స్నార్కెలింగ్ అంటారు. నా బిడ్డ, మన కార్తి పనిచేసింది అక్కడే.

నేనున్న చోటు తవమణి అక్కది. ఎనిమిది గదులు, ఒక వంటిల్లు, స్నార్కెలింగ్‌కు పోయేవాళ్ళ కోసం ఒక పడవ. కార్తికి పనిచ్చింది ఈమే. ఎనిమిది నెలల కిందట ఐప్పసిలో బావా నేనూ వచ్చినప్పుడు పోలీసు స్టేషన్‌కు, నేవీ ఆఫీసుకు, ఆస్పత్రికి మాతోపాటు తిరిగింది. పన్నెండో రోజు బావ "పోదాం రామ్మా" అంటే నేను రానన్నాను. వాడు ఏ ఒడ్డున లేచినా ముందు ఈ గుమ్మానికే వస్తాడని నాకు గట్టిగా అనిపించింది. తవమణి అక్క బావతో "ఉండనివ్వండి. వంటింట్లో నాకూ తోడవుతుంది" అంది. వీసా కాగితాలు కూడా ఆమే చూసుకుంటోంది. మంచి మనిషి. ఇక్కడి వాళ్ళ అరవం మన అరవం కాదక్కా. ఔను అనడానికి "ఓం" అంటారు. చేప తెచ్చావా అంటే ఓం. తలుపు వేశావా అంటే ఓం. వచ్చిన కొత్తలో ఈ ఊరి వాళ్ళకు ఎంత భక్తి అనుకున్నాను. ఆ సంగతి చెబితే తవమణి అక్క కడుపు పట్టుకొని నవ్వింది. ఆ నవ్వుతో నాకూ నవ్వొచ్చింది. ఆ తర్వాత చాలాసేపు నాకు నా మీదే అసహ్యం వేసింది.

పొద్దున దోసెలు నేనే పోస్తాను. దోసెలో అరటిపండు పెట్టి తేనె పొయ్యమంటారు. పోస్తాను. వాళ్ళకు పప్పుచారు నచ్చింది, గ్లాసుల్లో పోసుకొని తాగుతారు. నేను వీళ్ళ ఎర్రబియ్యం అన్నం, కొబ్బరి కూరలు అలవాటు చేసుకున్నాను. చేప మాత్రం తినడం మానేశాను. ఎందుకని అడగకు. ఇప్పుడు పడమటి గాలి కాలం. కచ్చాన్ అంటారు. పొయ్యి ముందు కూర్చున్నట్టు వేడిగా కొడుతుంది. ఒళ్ళు ఎండిపోతుంది గానీ జబ్బేమీ లేదు. నేను బాగానే ఉన్నాను.

మధ్యాహ్నం పని మాస్కులు కడగడం. పడవ తిరిగొచ్చాక మాస్కులు, గొట్టాలు, కాళ్ళకు తొడుక్కునే రబ్బరు రెక్కలు అన్నీ సిమెంటు తొట్టిలో వేస్తారు. ఉప్పు పోయేదాకా మంచినీళ్ళలో కడిగి, సబ్బునీళ్ళలో ముంచి తీగ మీద ఆరేస్తాను. కొత్త మాస్కు వస్తే అద్దానికి లోపల పళ్ళు తోముకునే పేస్టు పూసి రుద్దాలి, లేకపోతే ఆవిరి పట్టి ఏమీ కనబడదు. అద్దం చుట్టూ మెత్తటి రబ్బరు అంచు ఉంటుంది. మొహానికి అతుక్కునేది అదే. ఆ అంచు లోపల వెంట్రుకలు చిక్కుకొని ఉంటాయి. పసుపుపచ్చవి, ఎర్రవి, తెల్లవి. వేలితో తీసి పారేస్తాను. వచ్చిన కొత్తలో ఒక్కో వెంట్రుకా తీసి వెలుగులో పెట్టి చూసేదాన్ని. నల్లగా, పొడుగ్గా, మన కార్తిది ఉంటుందేమోనని. ఎందుకు చూస్తున్నానో అప్పుడు నాకే తెలియదు.

వాడి జుట్టు సంగతి నీకు తెలుసు. కనకమ్మ సత్రం రోడ్డులో బండి మీద నుంచి పడి వాడు నాలుగు రోజులు తెలివిలేకుండా ఉన్నప్పుడు, ఆస్పత్రి వరండాలో నువ్వు నా పక్కనే ఉన్నావు. బిడ్డ కళ్ళు తెరిస్తే తిరుత్తణి స్వామికి వాడి జుట్టు ఇస్తానని, ఆడి నెల కృత్తిక పండగకే ఇవ్వాలని, అందాకా కత్తెర తగలనివ్వనని మొక్కుకున్నాను. అయిదో రోజు కళ్ళు తెరిచాడు. ఆడి వచ్చేలోపల వాడికి ఈ ఉద్యోగం వచ్చింది. ఇక్కడ పని అంతా చిత్తిరై నుంచి పురట్టాసి దాకే, వీళ్ళ లెక్కలో ఏప్రిల్ నుంచి సెప్టెంబరు. ఆడిలో సెలవు ఉండదు. ఒక ఆడి పోయింది, రెండోదీ పోయింది. జుట్టు వీపు దాకా వచ్చింది. ఫోన్‌లో బొమ్మ పంపితే నువ్వే అన్నావు, "ఏం మే, నీ కొడుకు మన వీధి ఆడపిల్లలకు జడ పందెం పెట్టేలాగుండాడే" అని.

ఆ తర్వాత పురట్టాసిలో జరిగింది జరిగింది. పడవలో వచ్చిన వాళ్ళలో ఒకరి కాలి రబ్బరు రెక్క జారి నీళ్ళలో పడితే తీసుకురావడానికి మునిగాడు, మళ్ళీ పైకి రాలేదు. అంతే మనకు చెప్పారు. అంతే నాకూ తెలుసు, మూడు వారాల కిందటి దాకా.

ఆ చోటు ఒక్కసారి చూడాలని నాకు మొదటి నుంచీ ఉంది. పడవ నడిపే సెల్వం, నలభై ఏళ్ళవాడు, కార్తిని తమ్ముడిలా చూసుకున్నవాడు, మాట దాటవేస్తూ వచ్చాడు. సముద్రం మంచిగా లేదన్నాడు, వాన అన్నాడు. సీజను మొదలయ్యాక బేరాలున్నాయన్నాడు. మూడు వారాల కిందట ఒక మంగళవారం ఎవరూ రాలేదు. నేను స్నానం చేసి, విభూతి పెట్టుకొని పోయి పడవ దగ్గర నిలబడ్డాను. సెల్వం నన్ను చూసి చేతిలో తాడు కింద పెట్టాడు. తర్వాత వాళ్ళ అరవంలో, "ఈత వచ్చా అమ్మా?" అన్నాడు.

"రాదు నాయనా."

"భయం లేదా?"

"భయపడేదానికి ఇంకేముంది?"

తవమణి అక్క వెనక నుంచి అరిచింది. "సెల్వం, ఆమెకు ఏమన్నా అయితే నిన్ను ఈ తొట్టిలోనే ముంచేస్తాను!"

నైటీ మీదే లైఫ్ జాకెట్ కట్టారు. యాభై ఏళ్ళ మనిషిని ఆ నారింజ రంగు జాకెట్‌లో చూస్తే నువ్వు నవ్వి చచ్చేదానివి. తొట్టి పక్క తీగ మీద నుంచి సెల్వం తనే ఒక మాస్కు ఎంచి తెచ్చాడు. నీలం పట్టీది, పాతది. నేను రోజూ కడిగేదే. ఆ చోటికి పోయాక ఇంజను ఆపాడు. నాకు మాస్కు పెట్టబోయి ఆగి, నా నుదుటి మీద, చెవుల పక్కన ఉన్న వెంట్రుకలన్నీ వేలితో వెనక్కి తోశాడు. ఒక్కొక్కటీ చూసి చూసి తోశాడు. "ఒక్క వెంట్రుక అంచు కింద ఉన్నా నీళ్ళు వచ్చేస్తాయమ్మా" అన్నాడు.

ఆ మాట వినగానే నేను పడవ అంచు పట్టుకున్నాను. అలకు పడవ ఊగిందనుకొని అతను నన్ను పట్టుకున్నాడు.

నీళ్ళలోకి దింపాడు. నా చెయ్యి వదల్లేదు. మొహం ముంచాను. అక్కా, నేను నా బిడ్డను వెతకడానికి పోయాను. పోయి, చూస్తూ ఉండిపోయాను. నీళ్ళ కింద నిశ్శబ్దంగా ఉంటుందనుకున్నాను, ఉండదు. వేడి నూనెలో ఆవాలు వేసినట్టు చుట్టూ చిటపటమని ఒకటే చప్పుడు. చిలక ముక్కులాంటి నోరున్న చేప ఒకటి రాతిని కొరుకుతుంటే ఆ కటకట నా చెవికి వినిపించింది. పసుపు గీతలవి, నెమలి రంగువి గుంపులుగా నా చేతుల కింద నుంచి పోయాయి, నేనొక దుంగనైనట్టు. పగడపు రాళ్ళు కొన్ని ఊదారంగువి, చాలా వాటికి సున్నం కొట్టినట్టుంది. చచ్చిపోతే అలా తెల్లబడతాయని సెల్వం తర్వాత చెప్పాడు. తాబేలు ఒకటి అన్నం తింటున్న ముసలామెలా నిదానంగా నాచు తింటోంది. ఎంతసేపు చూశానో తెలియదు. అంతసేపూ నాకు కార్తి గుర్తు లేడు. కన్నతల్లిని, బిడ్డ పోయిన చోట తేలుతూ, చేపలు చూస్తూ వాణ్ణి మరిచిపోయాను. దీనికి ఏ కొండ మీద ఏం ఇచ్చి క్షమించమని అడగాలో నాకు తెలియదు.

తర్వాత గుర్తొచ్చింది. అప్పుడు అడుగంతా చూశాను. రెండు నిలువుల లోతు కూడా లేదు. ఇసుకలో రాలిన గవ్వ కూడా కనిపిస్తోంది. ఎనిమిది నెలలుగా సముద్రం అంటే నా కళ్ళకు ఒడ్డు నుంచి కనిపించే నల్లటి నీళ్ళే. ఆ నలుపులో ఎక్కడో వాడికి చోటుందనుకునేదాన్ని. ఇప్పుడు అడుగు చూసేశాను. వాడు అక్కడ లేడు. రాళ్ళ మధ్య ఒక సందు ఉంది. అక్కడ నీళ్ళు బయటి సముద్రంలోకి లాగుతాయి. అటు మాత్రం నీలంగా, ఏమీ కనబడకుండా ఉంది. సెల్వం నన్ను అటు పోనివ్వలేదు.

పడవలోకి ఎక్కాక మాస్కు తీశాను. లోపల ఒక్క చుక్క నీరు లేదు. మంచి మాస్కే అన్నాను. సెల్వం తల వంచుకొని ఏడవడం మొదలుపెట్టాడు. అది కార్తిదట. నాతో చెప్పే ధైర్యం లేక మిగతావాటితో తొట్టిలో కలిపేశాడట. ఇన్ని నెలలు నేను కడిగి ఆరేసిన వాటిలో అదీ ఒకటి.

"ఆ రోజు రెండుసార్లు పైకొచ్చి మాస్కులో నీళ్ళు పారబోసుకున్నాడమ్మా" అన్నాడు. "మూడోసారి విసుగొచ్చి మాస్కు తీసి పడవలోకి విసిరాడు. ఉత్త కళ్ళతో మునిగాడు. ఉప్పునీళ్ళలో ఉత్త కళ్ళకు ఏం కనబడుతుంది? సందు ఎటుందో, పడవ ఎటుందో. ఎన్నిసార్లు చెప్పానో, ఆ జుట్టు కత్తిరించరా అని! వింటేనా? నవ్వేవాడు. ఇది నాది కాదన్నా, తిరుత్తణి మురుగనిది, నేను మోసేవాణ్ణి మాత్రమే అనేవాడు."

అక్కా, ఇప్పుడు నీకు చెప్పాల్సింది చెప్తాను. ఇంతవరకు ఏ మనిషికీ చెప్పలేదు.

పోయిన ఏడాది ఇదే ఆని నెలలో వాడు నాకు ఫోన్ చేశాడు. ఇక్కడి నుంచి కదిర్గామం స్వామి గుడికి జనం అడవిదారిన నడిచి పోతారు. వారాల తరబడి ఈ ఊరి మీదుగానే పోతారు, పచ్చబట్టలు, కాషాయాలు కట్టుకొని, స్వామి వేలాయుధాలు పట్టుకొని. ఇప్పుడు కూడా పోతున్నారు. వాడు చేసినప్పుడు ఫోన్‌లో వాళ్ళ హరోహర వినబడింది.

"మా, ఈ జుట్టుతో మహా తొందరవుగా, ఇబ్బందిగా ఉంది మా" అన్నాడు. "మాస్కు నిలబడే లేదు. రెండు ఎంటికలు అంచు కింద పోతే చాలు, నీళ్ళు వచ్చేస్తా ఉండాయి. కదిర్గామం పక్కనే మా. అందరూ పోతా ఉండారు. నేనూ పోయి ఆడ గుండు కొట్టించుకొస్తా. ఆయనా మురుగనే గదా?"

"మొక్కింది తిరుత్తణికి రా. ఆడ మొక్కి యాడనో తీర్చేదేంది? ఒకరికి ఇస్తామని చెప్పింది ఇంకోరికి ఇస్తామా?"

"ఇంకోరేంది మా? ఇద్దురా వాళ్ళు? ఒకడే గదా!"

"ఒకడే అయినా కొండ వేరు రా. ఇన్ని దినాలు ఓర్చుకున్నావు, సెలవు దొరికే ఆడి దాకా ఓర్చుకో. నేను కూడా వస్తా, మెట్లెక్కి ఇద్దరం పోదాం."

"సరే వుడు మా, వదిలెయ్. నీ సామి, నీ ఇష్టం" అన్నాడు. కోపంగా కాదు, నవ్వుతూనే అన్నాడు. తర్వాత ఏం తిన్నావు, మగ్గం ఆడుతోందా అని మాట్లాడుకున్నాం. మళ్ళీ జుట్టు మాట ఎత్తలేదు. నేను వద్దంటే వద్దే వాడికి.

జుట్టు వల్లే పోయాడని ఎవరూ అనలేదు. సెల్వం కూడా అలా అనలేదు. సందులో నీళ్ళ లాగుడు ఎంత ఈతగాడినైనా లాక్కుపోతుందని పోలీసులు రాసుకున్నారు. అయినా నాకు తెలుసు. మాస్కు ఉంటే దారి కనబడేది. వాడు అడిగాడు, నేను వద్దన్నాను. స్వామికి మాట తప్పకూడదని వద్దన్నాను, నా మంచి పేరు కోసం కాదు. ఆ తిరుత్తణి స్వామికే తెలియాలి. తెలిసినా నాకు ఏమీ చెప్పడం లేదు. రోజూ దీపం పెడుతున్నాను. ముందులా మాట్లాడటానికి రావడం లేదు. పెట్టి, చూసి, వచ్చేస్తున్నాను.

కదిర్గామం పోదాం రమ్మని తవమణి అక్క అడిగింది. బిడ్డ పేరు చెప్పి నువ్వన్నా తలనీలాలు ఇచ్చి రా, మనసు కుదుట పడుతుందంది. పోలేదు. వాడికి వద్దన్న చోటికి నేను ఏ మొహంతో పోను?

బావ పోయినసారి ఫోన్‌లో అన్న మాటలు నా చెవిలోనే ఉన్నాయి. "వల్లీ, ఏమీ అనుకోవాకమ్మా. పిల్లోడి కార్యం చేసేస్తాం. ఆ కార్యం కాకుండా సురేషుకు పసుపు కొట్టేదెట్ల? కనకమ్మ సత్రం పిల్ల ఇంటోళ్ళు ఆడి పోతానే ఆవణికి ముహూర్తం అడగతా ఉండారు. నువ్వు ఊఁ అంటేనే. వద్దంటే పెండ్లి ఇంకో ఏడాది నిలుపుతా, నాకేం పోయింది" అన్నారు. తర్వాత ఫోన్ పట్టుకొని బయటికి పోయినట్టున్నారు, మగ్గం చప్పుడు దూరమైంది. "తండ్రి లేని పిల్లోడని ఆ బాయిలో వాడికి డబ్బా కట్టి ఈత నేర్పినోణ్ణి నేనే గదమ్మా. నేర్పకుండా ఉంటే ఈ సముద్రం దిక్కుకే పోయుండడు" అన్నారు. నేను వింటూ ఉన్నాను. అప్పటికి సెల్వం నాతో చెప్పి వారమైంది. "బావా, మీ వల్ల కాదు, నా వల్ల" అని ఒక్క మాట అంటే ఆయన గుండె బరువు దిగేది. అనలేదు. ఈత నేర్పినందుకు కాదని నువ్వే ఏదో ఒకలా చెప్పు. ఈతే వాణ్ణి రెండేళ్ళు బతికించింది, అన్నం పెట్టింది అని చెప్పు. ఈ కాగితాలు మాత్రం చూపొద్దు.

ఇక బావ అడిగినదానికి జవాబు. కార్యం చెయ్యమని చెప్పు. నేను ఒప్పుకున్నానని చెప్పు. ఏడ్చిందా అంటే లేదని చెప్పు. ఆడిలోపలే చేసేయండి, ఆవణిలో ముహూర్తం పెట్టుకోండి. సురేషు ఏ తప్పు చేశాడని వాడి పసుపు బట్టలు ఆగాలి? ఆ పిల్ల తల్లిదండ్రులు ఇన్ని నెలలు నోరెత్తకుండా ఆగడమే గొప్ప. అడుగు చూడకముందు అయితే నేను ఇంకా వద్దనే అనేదాన్ని. ఇప్పుడు దేన్ని పట్టుకొని వద్దనను?

నేను రాలేను. కార్యానికీ రాను, పెళ్ళికీ రాను. పెళ్ళిలో నన్ను చూసినవాళ్ళంతా ముందు నన్నే పలకరిస్తారు, అది సురేషుకు మంచిది కాదు. ఇక్కడే ఉంటాను. ఎందుకు ఉంటున్నావంటే చెప్పలేను. వాడొస్తాడని కాదు. ఈ పని చేతికి అలవాటైంది. ఆ నీలం పట్టీ మాస్కును తవమణి అక్క నీ దగ్గర పెట్టుకోమంది. వద్దన్నాను. తొట్టిలోనే వేశాను. రోజూ ఎవరో ఒకరు పెట్టుకొని పోతారు, చేపలు చూసి, నవ్వుకుంటూ తిరిగొస్తారు. ఇప్పుడు నేను వాళ్ళ నుదుటి మీద వెంట్రుకలు వెనక్కి తోసి మరీ పంపుతున్నాను. తెల్లపిల్లలు ఏమీ అనరు, కళ్ళు మూసుకొని మొహం ఇస్తారు.

కార్యం ఏ రోజన్నది ఫోన్‌లో నాతో అనొద్దు. అయిపోయాక "సురేషుకు ముహూర్తం కుదిరింది మే" అని ఒక్క మాట చెప్పు. నాకు తెలిసిపోతుంది. ఇక్కడ సముద్రంలో తల స్నానం చేసి వచ్చి పనిలో పడతాను. అత్తమ్మ కార్తిగాడెప్పుడు వస్తాడని అడిగితే ఇన్నాళ్ళూ చెప్పినట్టే చెప్పండి.

ఒక్క కోరిక ఉంది. దర్భలతో మనిషిని చేసి, తలకు కొబ్బరికాయ పెడతారని అయ్యవారు చెప్పినట్టు పోయిన నెల నువ్వే అన్నావు. ఆ కాయకు పీచు ఏమాత్రం ఉంచొద్దు. కళ్ళ మీది పిలక కూడా వదలకుండా నున్నగా తీయించు. వేరే ఎవరి చేతా వద్దు, బావ చేత తీయించు. ఎందుకని అడిగితే వల్లి అట్ల చెయ్యమంది అని మాత్రం చెప్పు. తీసేటప్పుడు ముఖం తిరుత్తణి కొండ దిక్కుకు ఉండేలా పట్టుకోమను. నేను ఓర్చుకోమన్నాను, వాడు ఓర్చుకున్నాడు. ఇక చాలు, వాడి తల తేలిక చెయ్యండి.

ఎవరన్నా ఈ వైపు వస్తే కొండ మీది విభూతి ఒక పొట్లం పంపు. మోకాలు జాగ్రత్త, మెట్లు ఎక్కవద్దు. బావకు, అత్తమ్మకు నా నమస్కారాలు. అత్తమ్మను నన్ను దీవించమని అడుగు, కారణం చెప్పకుండా అడుగు. సురేషుకు, రాబోయే పిల్లకు నా దీవెనలు ఉన్నాయో లేవో నాకు తెలియదు, ఉంటే అన్నీ వాళ్ళకే. నా గురించి దిగులు వద్దు. నేను బాగానే ఉన్నాను.

ఈ కాగితాలు చించొద్దక్కా, కాల్చొద్దు. నీ పట్టుచీరల అడుగున పెట్టి ఉంచు. ఎవరికీ చూపొద్దు. వాడు నన్ను అడిగాడన్నది ఈ లోకంలో ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి.

నీ చెల్లెలు,
వల్లి